అక్క గుండెలో టిక్ టిక్ వినపడటం లేదు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా అక్కకు 36 ఏళ్ళు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరంతో గుండెలో మైట్రల్ వాల్వ్ పాడైంది. ఎనిమిదేళ్ళ కిందట విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రెండు రెక్కల మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి ఎసిట్రోమ్ అనే రక్తం పలచబరిచే మాత్ర వాడుతోంది. మూడు నెలల కిందట పన్ను తీయించుకోవాల్సి వస్తే, రక్తం ఆగదని ఎవరో చెప్పారని తొమ్మిది రోజులు మాత్ర ఆపింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది గానీ, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించలేదు. నెల రోజులుగా నీళ్ళ బిందె మోసుకొస్తే ఆయాసపడుతోంది. మొన్న ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే మీన్ గ్రేడియంట్ 11 వచ్చింది. ఆపరేషన్ అయిన రెండో నెలలో తీసిన రిపోర్టులో 4 ఉంది. ప్రెషర్ హాఫ్ టైమ్ అప్పుడు 90, ఇప్పుడు 220. ఐఎన్‌ఆర్ 1.6. రెండు రిపోర్టుల ఫోటోలూ పంపుతున్నాను. ఇక్కడి డాక్టరు గారు పెద్దాసుపత్రికి వెళ్ళి గొంతులోంచి చేసే ఎకో చేయించమన్నారు. అమ్మ భయపడుతోంది. మిషన్ మారింది కాబట్టి నంబరు మారి ఉంటుంది, రథయాత్ర, బాహుడా (రథం తిరిగొచ్చే పండగ) అయ్యాక వెళ్దాం అని బావ అంటున్నారు. ఆగవచ్చా? గొంతు ఎకో ప్రమాదమా? ఇన్నిసార్లు స్కానింగ్ తీస్తే వాల్వ్ పాడవదా? ఇంకో మాట. ఇదివరకు రాత్రి అక్క పక్కన పడుకుంటే గడియారంలా టిక్ టిక్ వినపడేదట. ఇప్పుడు వినపడటం లేదని అమ్మ అంటోంది.

— ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో చివరి వాక్యం చదవగానే మీ నంబరుకు ఫోన్ చేశాను. ఫోన్‌లో చెప్పిన మాటే ఇక్కడా ముందుగా రాస్తున్నాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఇంకో ఇంటివాళ్ళు చదువుతారని. బాహుడా దాకా ఆగకూడదు. రథం కదిలే రోజు దాకా కూడా ఆగకూడదు. ఇవాళే బయలుదేరాలి.

గుండె ఆపరేషన్ చేసే సర్జన్, క్యాథ్ ల్యాబ్ (గుండెను ఎక్స్‌రే వీడియోలో చూసే గది), గొంతు ఎకో మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. విశాఖలో ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళగలిగితే మేలు, పాత ఫైలు అక్కడ ఉంటుంది. వెళ్ళే ముందు ఫోన్ చేసి "మెటల్ వాల్వ్ ఉంది, అడ్డుపడిందని అనుమానం, ఐఎన్‌ఆర్ 1.6" అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో అక్కడివాళ్ళు సిద్ధంగా ఉంటారు. రాత్రి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా రైలు కోసం చూడకుండా 108 కి ఫోన్ చేసి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తగ్గిన ఐఎన్‌ఆర్‌ను పెంచుదామని ఇంట్లోనే ఎసిట్రోమ్ రెండు రెండు వేయడం మాత్రం వద్దు. డాక్టరు చెప్పిన మోతాదే వేయండి, మిగతాది ఆసుపత్రిలో చూసుకుంటారు.

ఇంత తొందర ఎందుకో చెబుతాను. గ్రేడియంట్ పెరగడం ఒక్కటే అయితే ఇలా కంగారుపెట్టేదాన్ని కాదు. మీ అక్క విషయంలో నాలుగు సంగతులు ఒకేసారి కలిశాయి. మాత్ర ఆగింది, ఆయాసం వచ్చింది, నంబర్లు మారాయి, చప్పుడు తగ్గింది. మెటల్ వాల్వ్ రెక్కలు మూసుకున్న ప్రతిసారీ టిక్కుమంటాయి. ఆ చప్పుడుకు ఇంట్లోవాళ్ళు ఎంత అలవాటు పడతారంటే కొన్నాళ్ళకు అది వినపడుతున్నట్టే అనిపించదు. కానీ ఆగిపోతే మాత్రం తెలుస్తుంది. ఒక రెక్క సరిగా కదలకపోతే టిక్కు మందగిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. స్టెతస్కోపు పెట్టి మేం వెతికేది కూడా దాన్నే. అమ్మగారు మీ అందరికంటే ముందు పసిగట్టారు.

ఇక నంబర్ల సంగతి. మైట్రల్ వాల్వ్ గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న తలుపు. తలుపు పూర్తిగా తెరుచుకుంటే రక్తం నిదానంగా దిగుతుంది. సగమే తెరుచుకుంటే, పొలం తూము సగం మూసినప్పుడు నీళ్ళు దూసుకొచ్చినట్టు, వేగంగా చిమ్ముతుంది. ఎకో మిషన్ ఆ వేగాన్ని కొలుస్తుంది. స్టేషనుకు వస్తున్న రైలు కూత సన్నగా ఉండి, దాటి వెళ్ళగానే బొంగురుపోతుంది కదా, ఆ తేడాను బట్టి వేగం లెక్కగట్టవచ్చు. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842 లో చెప్పిన సూత్రం అది. ఎకోలో కదిలే రక్తకణాల మీద తగిలి తిరిగొచ్చే శబ్దంతో అదే లెక్క వేస్తారు. వేగాన్ని వేగంతో హెచ్చించి, దాన్ని మళ్ళీ 4 తో హెచ్చిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా వస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగమైతే 4, రెండు మీటర్లయితే 16. వేగం రెండింతలైతే ఒత్తిడి తేడా నాలుగింతలు అవుతుందన్నమాట. రక్తం దిగుతున్నంతసేపూ ఉన్న తేడాకు సగటే మీన్ గ్రేడియంట్. మైట్రల్ చోట వేసిన వాల్వ్‌కు అది 5 లోపు ఉంటే మామూలు. 6 నుంచి 10 మధ్య ఉంటే ఎందుకని ఆలోచిస్తాం. 10 దాటితే గట్టిగా అనుమానిస్తాం.

అయితే గ్రేడియంట్‌కు ఒక బలహీనత ఉంది. గుండె వేగంగా కొట్టుకున్నా, జ్వరం వచ్చినా, రక్తం తక్కువైనా, గర్భంతో ఉన్నా వాల్వ్ బాగానే ఉండి కూడా నంబరు పెరుగుతుంది. అందుకే రిపోర్టు చేతికి రాగానే నేను ముందు చూసేది గ్రేడియంట్‌ను కాదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న హార్ట్ రేటును. మీరు పంపిన ఫోటోల్లో పాత దానిలో 76, కొత్త దానిలో 80 ఉంది. పెద్ద తేడా లేదు. రెండోది ప్రెషర్ హాఫ్ టైమ్. రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా సగానికి పడిపోవడానికి పట్టే సమయం అది, మిల్లీసెకన్లలో చెబుతారు. తలుపు బాగా తెరుచుకుంటే పై గది చప్పున ఖాళీ అవుతుంది, సమయం తక్కువ పడుతుంది. తలుపు అడ్డుపడితే చాలాసేపు పడుతుంది. 130 లోపు ఉంటే మంచిది, 200 దాటితే వాల్వ్ దగ్గర అడ్డు ఉందనే అనుకోవాలి. ఊరికే గుండె వేగం పెరిగితే గ్రేడియంట్ పెరుగుతుంది గానీ ఈ సమయం 90 నుంచి 220 కి సాగదు. మిషన్ తేడా అని మీ బావగారు అనుకోవడంలో తప్పు లేదు. మిషన్ మారినా, తీసేవాళ్ళు మారినా 4 అన్నది 5 గానో 6 గానో కనపడవచ్చు. కానీ ఈ రెండు నంబర్లూ కలిసి ఇంత దూరం రావు. అక్కడి డాక్టరు గారు సరైన సలహా ఇచ్చారు. ఆ మాట ఆయనతో కూడా చెప్పండి.

మరి ఎకో ఒకసారి తీశాక గొంతులోంచి మళ్ళీ ఎందుకు? శబ్దం మెటల్‌ను దాటి వెళ్ళలేదు. తగిలి వెనక్కి వచ్చేస్తుంది. వాల్వ్ వెనక నల్లటి నీడ పడుతుంది, స్తంభానికి అడ్డంగా టార్చి వేస్తే వెనక చీకటి ఉన్నట్టు. రొమ్ము మీద నుంచి చూసినప్పుడు ఆ నీడ సరిగ్గా ఎడమ పై గది మీద పడుతుంది. రక్తం గడ్డ అంటుకున్నా, వాల్వ్ కుట్టు పక్క నుంచి రక్తం వెనక్కి కారుతున్నా ఆ నీడలో దాక్కుంటుంది. అంటే వీధి అరుగు మీద నుంచి ఇంట్లోకి తొంగిచూస్తున్నాం, చూడాల్సింది పెరట్లో ఉంది. అన్నం దిగే గొట్టం ఆ పై గదికి సరిగ్గా వెనకే, ఆనుకుని ఉంటుంది. అందులోంచి చూస్తే పెరటి గుమ్మంలో నిలబడి చూసినట్టే. నీడ అటువైపు పడిపోతుంది, వాల్వ్ వెనక భాగం అంతా స్పష్టంగా కనపడుతుంది. దీన్నే టీఈఈ అంటారు.

అమ్మగారి భయం తీరేలా జరిగేది జరిగినట్టు చెబుతాను, చదివి వినిపించండి. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తిననివ్వరు. కట్టుడు పళ్ళుంటే తీయిస్తారు. గొంతులో మొద్దుబారే మందు కొడతారు, నరానికి మత్తు కొద్దిగా ఇస్తారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చిటికెన వేలంత లావున్న గొట్టాన్ని ముద్ద మింగినట్టు మింగమంటారు. వాంతి వచ్చినట్టు అవుతుంది, అది నిజమే, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఊపిరి ముక్కుతో మామూలుగానే ఆడుతుంది, గొట్టం వెళ్ళేది ఊపిరి దారిలోకి కాదు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. గొంతు మొద్దు వదిలేదాకా నీళ్ళు కూడా ఇవ్వకూడదు, పొలమారుతుంది. ఒకరోజు గొంతు గీరుకుపోయినట్టు ఉంటుంది. అన్నవాహికకు దెబ్బ తగలడం లాంటివి చాలా అరుదు. ముందు నుంచీ మింగడానికి ఇబ్బంది ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి. ఈ పరీక్ష కోసం ఎసిట్రోమ్ ఆపాల్సిన పని లేదు. ఎవరైనా ఆపమంటే డాక్టరును నేరుగా అడగండి.

దానితో పాటు క్యాథ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే వీడియో తీయవచ్చు, సినీ ఫ్లోరోస్కోపీ అంటారు. మందు ఎక్కించరు, కోయరు, కొన్ని నిమిషాల పని. రెండు రెక్కలూ రెండు గీతల్లా తెరుచుకుని మూసుకోవడం కళ్ళెదుటే కనపడుతుంది. ఒకటి కదలకపోతే సందేహమే ఉండదు. ఇక్కడే వాల్వ్ కార్డు విలువ తెలుస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారై, 1990 డిసెంబరు 6 న మొదటిసారి మనిషికి అమర్చిన చిత్రా వాల్వ్ మన దేశంలో ఎందరికో ప్రాణం నిలిపింది. దానిలో తిరిగే బిళ్ళ మెటల్‌ది కాదు, గట్టి ప్లాస్టిక్ జాతిది. ఎక్స్‌రేలో సరిగా కనపడదు. అలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళకు ఎకో మీదే ఎక్కువగా ఆధారపడాలి. మీ అక్కది రెండు రెక్కలది అని మీరు రాశారు. అయినా ఏ కంపెనీ, ఎంత సైజు అన్నది కార్డులోనే ఉంటుంది. ఆపరేషన్ రోజు ఇచ్చిన ఆ చిన్న కార్డు ట్రంకు పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది, వెతికి తీసుకెళ్ళండి.

పరీక్షల్లో ఏం కనపడవచ్చు? ఒకటి రక్తం గడ్డ. మాత్ర ఆగిన చరిత్ర, తక్కువ రోజుల్లో వచ్చిన ఆయాసం, తగ్గిన ఐఎన్‌ఆర్, ఇవన్నీ దానివైపే వేలు చూపిస్తున్నాయి. టీఈఈలో అది మెత్తగా, కొంచెం ఊగుతూ కనపడుతుంది. రెండోది పానస్ అనే కండ. వాల్వ్ అంచు చుట్టూ శరీరమే ఏళ్ళ తరబడి పెంచుకునే గట్టి పొర అది, మాత్రకు కరగదు. ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. గడ్డ అయితే దాని సైజును, మనిషి పరిస్థితిని బట్టి కరిగించే మందు ఎక్కించడమో, మళ్ళీ ఆపరేషనో నిర్ణయిస్తారు. కరిగించే మందుకూ ప్రమాదం ఉంది. ముక్క తెగి మెదడుకు వెళ్ళవచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు. ఆ నిర్ణయం ఆసుపత్రిలో మీ ఎదురుగా మాట్లాడుకోవాల్సింది. దూరం నుంచి నేను చెప్పడం సరికాదు.

పాత రిపోర్టు మీరు దాచారు కదా, దాని గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి సరిహద్దు అవతలి నుంచి ఒకాయన వచ్చారు. గ్రేడియంట్ 9. చేతిలో ఒక్క కాగితం లేదు. గడ్డేనని అనుకుని అడ్మిట్ చేశాను, ఇంట్లోవాళ్ళను భయపెట్టాను, మందు ఎక్కించే దాకా వెళ్ళాం. ఎక్స్‌రే వీడియోలో రెక్కలు చక్కగా తెరుచుకుంటుంటే ఆగాం. మూడో రోజు ఆయన అన్నగారు ఊరి నుంచి పాత కాగితం తెచ్చారు. ఆపరేషన్ అయిన మొదటి ఎకోలోనూ 9 ఏ ఉంది. ఆయన శరీరానికి ఆ వాల్వ్ మొదటి నుంచీ చిన్నది, అంతే. గడ్డ లేదు, కొత్తగా వచ్చిన అడ్డూ లేదు. ఆ మూడు రోజులు ఆ కుటుంబం పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఒకే నంబరు ఒకరికి పుట్టుమచ్చ లాంటిది, ఇంకొకరికి ప్రాణాపాయం. ఏది ఏదో చెప్పేది ఆ మనిషి మొదటి ఎకోనే. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు నెలల్లో, గాయం మాని, రక్తం తేరుకున్నాక తీసే ఎకో అది. ఒడియా మాట్లాడే డాక్టరు దగ్గరికి వెళ్ళినా, తెలుగు మాట్లాడే డాక్టరు దగ్గరికి వెళ్ళినా రిపోర్టులో అంకెలు అవే. రాష్ట్రం దాటినప్పుడు మనిషితో పాటు ఆ కాగితమూ దాటాలి. ఫోటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద వచ్చిన బొమ్మలు కొన్నేళ్ళకు వెలిసిపోతాయి, జిరాక్స్ తీయించండి.

స్కానింగ్‌తో వాల్వ్ పాడవుతుందా అన్నారు. పాడవదు. ఎకోలో ఎక్స్‌రే కిరణాలు లేవు, అది మన చెవికి అందని శబ్దం మాత్రమే. ఈ ఎకో పుట్టిందే మెటల్‌ను పరీక్షించే మిషన్ నుంచి. స్వీడన్‌లోని లుండ్‌లో 1953 లో ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడలు కట్టే చోట ఇనుములో పగుళ్ళు వెతికే మిషన్‌ను అడిగి తెచ్చి గుండె మీద పెట్టి చూశారు. ఎడ్లర్ వెతికింది కూడా మైట్రల్ వాల్వ్ జబ్బునే. ఆపరేషన్ ఎవరికి అవసరమో ముందే తెలుసుకోవాలని ఆయన తపన. నలభై సార్లు తీసినా మీ అక్క వాల్వ్‌కు గీత కూడా పడదు.

రిపోర్టులో ఇంకో మాట చూసి మీరు భయపడవచ్చు. "మైల్డ్ లీక్" అని ఉంటుంది. రెండు రెక్కల వాల్వ్‌లో కొద్దిపాటి లీకు తయారీలోనే పెట్టి ఉంటుంది, రెక్కల కీలు దగ్గర రక్తం నిలవకుండా కడిగేందుకు. అది జబ్బు కాదు. కుట్టు ఊడి వాల్వ్ పక్క నుంచి కారేదే జబ్బు. దానిలో రక్తకణాలు నలిగిపోయి మనిషి పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం ఉంటాయి.

జ్వరం గురించి కూడా తప్పక చెప్పాలి. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ళకు రెండు మూడు రోజులు వదలని జ్వరం వస్తే, మలేరియా పరీక్షతో పాటు వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టిందేమో చూడాలి. మన వైపు జ్వరం అంటే మలేరియా అనే అనుకుంటాం, అది సహజమే. కానీ ఊళ్ళో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడిపించుకున్నాక మా దగ్గరికి వస్తే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో క్రిమిని వెతికే పరీక్షలో) క్రిమి దొరకకపోవచ్చు. ముందు కల్చర్‌కు రక్తం ఇవ్వండి, తర్వాతే మందు. ఈ ఇన్ఫెక్షన్‌కు పెద్ద దారి నోరే. పన్ను తీయించుకోవడానికి ముందు, గంట లోపు యాంటీబయాటిక్ ఒక మోతాదు వేసుకోవాలి, ఏది ఎంత అన్నది డాక్టరు రాస్తారు. ఒకటి రెండు పళ్ళు తీయడానికి ఎసిట్రోమ్ మామూలుగా ఆపరు. ఐఎన్‌ఆర్ చూసుకుని, పన్ను తీసిన చోట దూది నొక్కిపెట్టి, కుట్టు వేసి రక్తం ఆపుతారు. మీ అక్కకు మాత్ర ఆపమన్నవాళ్ళు మంచికే చెప్పి ఉంటారు. కానీ పంటి చిగురులో కారే రక్తాన్ని వేలితో నొక్కి ఆపవచ్చు, వాల్వ్ మీద కట్టిన గడ్డను ఎవరూ వేలితో తీయలేరు.

మైట్రల్ చోట మెటల్ వాల్వ్ ఉంటే ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరలు ఐఎన్‌ఆర్‌ను తగ్గించగలవు, అయినా మునగాకు, తోటకూర మానేయమని నేను ఎవరికీ చెప్పను. మన వంట అదే, ఒడియా వాళ్ళ సాగ కూడా అదే. ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదు తింటే మాత్ర దానికి తగ్గట్టు సర్దుతాం. ఇబ్బంది వచ్చేది కార్తీకంలో నెల్లాళ్ళు తిండి మొత్తం మార్చేసినప్పుడు. అలాంటప్పుడు ఒక పరీక్ష ఎక్కువ చేయించుకోండి. ఒళ్ళునొప్పుల మాత్రలు, టీబీ మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు ఐఎన్‌ఆర్‌ను తారుమారు చేస్తాయి లేదా రక్తస్రావం తెస్తాయి. పరీక్షే అక్కర్లేని కొత్త రకం రక్తం పలచబరిచే మాత్రలు వచ్చాయి కదా అని ఎవరైనా మార్చమంటే ఒప్పుకోవద్దు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకు అవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో చేసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. 2013 లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. మీ అక్కకు నెలసరి తప్పిందేమో కూడా డాక్టరు అడుగుతారు, మొహమాటపడకుండా చెప్పమనండి. ఎసిట్రోమ్ మొదటి మూడు నెలల్లో బిడ్డకు హాని చేయగలదు. గ్రేడియంట్ లెక్కా మారిపోతుంది.

బయలుదేరేటప్పుడు అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ చప్పుడు ఎప్పటి నుంచి వినపడటం లేదని అక్కడ తప్పక అడుగుతారు. అడ్డుపడి ఎన్నాళ్ళయిందన్నది మందా ఆపరేషనా అని తేల్చడంలో పనికొస్తుంది. ఆమెకు తారీఖు గుర్తుండకపోవచ్చు. పన్ను తీయించిన ఎన్ని వారాలకు, ఏ పండగకు ముందు అన్నది చెప్పినా చాలు.